మరక లోతు తెలిశాకే పాలిష్

1981 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ పశ్చిమ బెర్లిన్‌లో ఒక పెద్ద ఆరోపణ చేశాడు. ఆగ్నేయాసియాలో సోవియట్ యూనియన్ అండతో విషరసాయనాలు ప్రయోగిస్తున్నారన్నాడు. లావోస్‌లో, కంబోడియాలో ఆకుల మీద పడుతున్న పసుపు చుక్కలే అందుకు సాక్ష్యమని అమెరికా వాదించింది. ‘పసుపు వాన’గా పేరుపడ్డ ఆ చుక్కల్ని హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల నిపుణుడు థామస్ సీలీ, మరికొందరు పరిశీలిస్తే వాటి నిండా పుప్పొడి కనబడింది. గుంపుగా ఎగిరే అడవి తేనెటీగలు ఆకాశంలోంచి విడిచిన మలం అది. 2002లో కోల్‌కతా దగ్గర సంగ్రామ్‌పూర్‌లో రంగు వాన కురిసిందని జనం భయపడ్డప్పుడు కూడా చివరికి తేలింది ఇదే.

హైదరాబాదులో ఎత్తైన అపార్ట్‌మెంట్ల బాల్కనీల కింద, వాటర్ ట్యాంకుల కింద కొండ తేనెటీగలు పెద్ద పెద్ద పట్లు పెడతాయి. ఆ చుట్టుపక్కల నిలిపిన తెల్లకారు బానెట్ మీద పొద్దున్నే అవే చిన్న చిన్న పసుపు చుక్కలు కనిపిస్తాయి. యజమాని వాటిని పక్కింట్లో వేస్తున్న పెయింటు తుంపర అనుకుంటాడు, లేదా చెట్టు బంక అనుకుంటాడు. పొడిగుడ్డతో గట్టిగా రుద్దుతాడు. చుక్క పసుపు చారగా సాగుతుంది, దాంతోపాటే బానెట్ మీది దుమ్ము సన్నని గీతలు గీస్తుంది. ఆ తరువాత గీతలు పోవడానికి రబ్బింగ్ చేయిస్తాడు. తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి పైకి ఎత్తేస్తే పోయే చుక్క కోసం, తిరిగిరాని రంగుపొర కొంత ఖర్చయిపోతుంది.

రోజూ రోడ్డెక్కే కార్ల విషయంలో జరిగే నష్టంలో పెద్ద భాగం ఇలాంటిదే. మరక చేసే చెరుపు కొంత, మరకని వదిలించే తొందర చేసే చెరుపు అంతకన్నా ఎక్కువ. అందుకే పాలిష్ డబ్బా మూత తియ్యక ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. ఆ మరక రంగు మీద కూర్చుందా, రంగులోకి దిగిందా, రంగు కిందనుంచే వచ్చిందా?

ఇది అర్థం కావాలంటే పొరల లెక్క తెలియాలి. ఇప్పటి కార్లలో ఉక్కు రేకు మీద ముందుగా విద్యుత్తు సాయంతో అంటించే తుప్పు నిరోధక పూత ఉంటుంది, సుమారు 20 మైక్రాన్లు. దాని మీద ప్రైమర్ 30, 40 మైక్రాన్లు. ఆ పైన అసలు రంగు, బేస్ కోట్, చాలాసార్లు 15, 20 మైక్రాన్లే. అన్నిటికన్నా పైన రంగులేని పారదర్శకమైన క్లియర్ కోట్, 40 మైక్రాన్లు అటూ ఇటూ. మనిషి తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. కారుకు మెరుపునిచ్చేదీ, ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకునేదీ, పిట్టరెట్టని మొదట ఎదుర్కొనేదీ వెంట్రుకలో దాదాపు సగం మందమున్న ఆ పొరే. పాలిష్ అంటే ఆ పొరకు ఏదో పూయడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి పాలిష్ ఆ పొరని అరగదీస్తుంది. అరిగినంత మేర కొత్త ఉపరితలం నున్నగా బయటపడుతుంది, వెలుతురు చెదరకుండా తిరిగొస్తుంది, కంటికి మెరుపుగా తోస్తుంది.

మన దగ్గర ఏటా కారుకి రబ్బింగ్ చేయించే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే కొంత న్యాయంగానే కనిపిస్తుంది. 1920లకి ముందు కార్లకి వార్నిష్ పూతలు వేసేవారు, ఒక్కో కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది. 1923, 24 ప్రాంతంలో డ్యుపాంట్ కంపెనీ తెచ్చిన డ్యూకో లాకర్ గబగబా ఆరేది. జనరల్ మోటార్స్ దాన్ని 1924 మోడల్ ఓక్లాండ్ కార్ల మీద నీలం రంగులో వాడింది. అక్కణ్నుంచి 1980ల దాకా ఎక్కువ కార్లలో రంగూ మెరుపూ ఒకే పూతలో ఉండేవి. మన అంబాసిడర్లూ, ప్రీమియర్ పద్మినీలూ అలాంటివే. ఎండకు ఆ రంగు పైపైన సున్నంలా తెల్లబారేది, రబ్బింగ్ కాంపౌండ్‌తో ఆ చనిపోయిన పొర తీసేస్తే కింద నిగనిగలాడే రంగు తేలేది. గుడ్డకి కారు రంగు అంటుకునేది. అప్పటి పెయింటర్లు నేర్చుకున్నదీ, శిష్యులకు నేర్పిందీ అదే పని. పూత స్వభావం మారింది, షెడ్లలో చెయ్యి అలవాటు మాత్రం చాలాచోట్ల మారలేదు. ఇప్పటి కారు మీద అదే చేత్తో, అదే ముతక కాంపౌండ్‌తో రుద్దితే అరిగేది పాడైన పొర కాదు, మంచి పొర.

ఇక మరకల సంగతి. పిట్టరెట్ట గురించి రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ నిజం ఉంది. బ్రిటన్‌కి చెందిన ఆటోగ్లిమ్ కంపెనీ తమ ప్రయోగాల తరువాత చెప్పింది ఏమంటే, ఎండకు క్లియర్ కోట్ వేడెక్కి కొద్దిగా మెత్తబడి వ్యాకోచిస్తుంది, దాని మీద రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడి పూత మళ్ళీ బిగుసుకునేటప్పుడు రెట్ట అడుగుభాగం ఎలా ఉంటే ఆ ముద్ర అలాగే నిలిచిపోతుంది. గింజలు తినే పక్షుల ముతక రెట్ట ముద్ర మరింత స్పష్టంగా పడుతుందన్నది వారి మాట. ఇరాన్ పరిశోధకులు ఇంకో వైపు చూశారు. రెట్టలో ఉండే జీర్ణరసాల ఎంజైములు క్లియర్ కోట్‌లోని రసాయన బంధాల్ని తెంపుతాయని, ప్యాంక్రియాటిన్ అనే ఎంజైముల మిశ్రమాన్ని రెట్టకు బదులుగా వాడి చూపించారు. వాదం ఏదైనా యజమానికి తేలేది ఒకటే. కాలమూ, వేడీ కలిస్తేనే నష్టం. జనవరి పొద్దున పడ్డ రెట్ట సాయంత్రం కడిగినా ఆనవాలు మిగలకపోవచ్చు. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో నల్లకారు టాప్ మీద పడ్డది మధ్యాహ్నం దాటితే ముద్ర వేసేస్తుంది. డిక్కీలో ఒక నీళ్ళ స్ప్రే సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఉంచుకుంటే ఏ సిరామిక్ పూతా ఇవ్వని రక్షణ దొరుకుతుంది. తడిపి, నాననిచ్చి, ఎత్తెయ్యాలి. గోకకూడదు, ఎందుకంటే రెట్టలో ఇసుక రేణువులుంటాయి.

నేరేడు పండ్ల కాలంలో ఊదారంగు రెట్టలు అదనం. ఆ ఊదా రంగు చూసి కంగారు పడనక్కర్లేదు. పండ్ల రంగు ఎండకే వెలిసిపోతుంది. భయపడాల్సింది రంగు గురించి కాదు, దాని కింద పడే గుంట గురించి.

ఆ గుంటల్నే పూతల పరిశ్రమ ఎచింగ్ అంటుంది. దీన్ని ప్రపంచానికి బాగా నేర్పిన ఊరు అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్. అక్కడి వేసవిలో వేడీ, తేమా, ఆమ్లం కలిసిన మంచూ ఒకచోట చేరతాయి. అందుకే పూతల కంపెనీలు దశాబ్దాలుగా తమ నమూనా రేకుల్ని వేసవంతా ఆ ఊళ్ళో ఆరుబయట ఉంచి, ఎంత తట్టుకుంటాయో చూస్తున్నాయి. 1980ల చివర్లో, 90ల్లో వాడిన యాక్రిలిక్ మెలమైన్ క్లియర్ కోట్‌లలోని బంధాలు ఆమ్లానికి తేలిగ్గా తెగేవి. ఆ తరువాత కార్బమేట్ రకాలూ, ఎపాక్సీ ఆమ్ల రకాలూ వచ్చి పరిస్థితి మెరుగుపడింది. అమెరికా పర్యావరణ సంస్థ గమనించిన విషయం ఇంకొకటి ఉంది. ఈ మచ్చలు ఎక్కువగా బానెట్, టాప్, డిక్కీ లాంటి అడ్డంగా ఉండే భాగాల మీద, నీటిబొట్టు ఆవిరైపోయాక ఏర్పడతాయి. బొట్టు ఎండుతున్నకొద్దీ అందులోని ఆమ్లం చిక్కబడుతుంది. వానలో తడిసినందువల్ల కారు పాడవదు, వాన వెలిశాక ఎండలో బొట్లుబొట్లుగా ఆరినందువల్ల పాడవుతుంది.

తెలుగు నేల మీద ఈ పాత్ర వానకన్నా బోరు నీళ్ళది. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. గట్టి రాతి నేలల్లో లోతు బోర్ల నీళ్ళు చాలాచోట్ల ఈ హద్దులకు అటూ ఇటూ ఉంటాయి. అలాంటి నీళ్ళతో ఎండలో కారు కడిగి అలాగే వదిలేస్తే ప్రతి బొట్టూ ఒక తెల్లటి వలయం మిగులుస్తుంది. వాటిలో ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం లవణాలు, కొంత సిలికా. లవణాలు తేలికపాటి ఆమ్లానికి కరుగుతాయి. వంటింటి తెల్ల వెనిగర్‌లో నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. దానికి సమానంగా నీళ్ళు కలిపి, నీడలో, చల్లటి రేకు మీద తడిగుడ్డతో రెండు నిమిషాలు ఉంచి కడిగేస్తే కొత్త మచ్చలు పోతాయి. సిలికా మాత్రం దీనికి కరగదు. అందుకే కొన్ని మచ్చలు ఎంతకీ వదలవు. అక్కడే ప్రమాదం మొదలవుతుంది. బాత్రూమ్ యాసిడ్ పలుచన చేసి తుడిచే షెడ్లున్నాయి, అది క్రోమ్ పట్టీల్నీ అల్లాయ్ వీల్స్‌నీ తినేస్తుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, అమ్మోనియం బైఫ్లోరైడ్ కలిసిన మందులు మచ్చని నిజంగానే తీస్తాయి, దాంతోపాటు అద్దాన్నీ తింటాయి. చేతికి అంటితే చర్మం గుండా లోపలికి దిగి ఎముక దాకా చెరుపు చేయగల రసాయనాలవి. కారు మచ్చకోసం ఎవరి చేతుల్నీ అలాంటి దానికి అప్పగించకూడదు, ముఖ్యంగా గ్లవ్స్ లేకుండా పనిచేసే షెడ్డు కుర్రాళ్ళ చేతుల్ని.

విశాఖపట్నం వాళ్ళ కష్టం వేరు. బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస, కిరండోల్ రైలుమార్గం మీదుగా ఇనుప ఖనిజం రేవుకి చేరుతుంది, బొగ్గు ఓడల్లో దిగుతుంది. రేవు చుట్టుపక్కల నిలిపిన కార్ల మీద ఎర్రటి, నల్లటి పొడి పేరుకుంటుందన్నది ఆ నగరంలో ఏళ్ళనాటి ఫిర్యాదు. ఖనిజపు పొడి అప్పటికే ఆక్సైడు కనక అది సాధారణంగా రంగుమీద కూర్చునే ఉంటుంది, బాగా నానబెట్టి నీటిధారతో కడిగితే పోతుంది. మొండిది ఇంకొకటుంది. బ్రేకు ప్యాడ్లు, రైలు పట్టాలు, వెల్డింగ్, గ్రైండింగ్ పనుల నుంచి వేడిగా ఎగిరొచ్చి క్లియర్ కోట్‌లో గుచ్చుకునే లోహపు రజను అది. తెల్లకారు మీద నారింజరంగు చుక్కలుగా తుప్పు పట్టేది ఇదే. షోరూమ్ నుంచి వచ్చిన కొత్త కారు మీద కూడా ఉండొచ్చు, ఎందుకంటే ఫ్యాక్టరీకీ షోరూమ్‌కీ మధ్య యార్డుల్లో, పట్టాల పక్కన అది రోజులకొద్దీ నిలబడి ఉంటుంది. థయోగ్లైకొలేట్ కలిసిన ఐరన్ రిమూవర్ చల్లితే ఇనుమున్న చోటల్లా ఊదా రంగులోకి మారి కారుతుంది, గంధకపు కంపు కొడుతుంది. దాన్ని ఆరిపోనివ్వకుండా కడిగేయాలి. మిగిలిన గరుకుకు క్లే బార్ ఉంది. జపాన్‌లో పుట్టి 1990లలో అమెరికా మార్కెట్‌కి చేరిన ఈ మెత్తటి ముద్దని సబ్బునీటి జారుడు మీద నెమ్మదిగా కదిపితే రంగులో గుచ్చుకున్న రేణువుల్ని పట్టి లాగుతుంది. పల్చటి పాలిథిన్ కవరులో చెయ్యిపెట్టి కడిగిన బానెట్ మీద నిమిరితే గరుకు ఎక్కడుందో వేళ్ళకి తెలిసిపోతుంది. క్లే కింద పడితే మాత్రం పారేయాలి. అంటుకున్న ఒక్క ఇసుకరేణువు చాలు, టాప్ నిండా గీతలు పడతాయి.

చెట్ల బంకల్లో రెండు జాతులున్నాయన్న సంగతి తెలిస్తే సగం పని తేలిక. వేప, తుమ్మ జిగురు నీటికి మెత్తబడే రకం. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డ కాసేపు కప్పితే వదులవుతుంది. మామిడి సొనలో నూనె, రెజిన్ ఉంటాయి, నీటికి లొంగదు. దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. వేసవిలో రోడ్డు వేస్తున్న చోటనుంచి ఎగిరిపడే తారు ఆల్కహాల్‌కి లొంగదు. మెకానిక్కులు చేసేలా కొంచెం కిరోసిన్ ముంచిన గుడ్డతోనో, తారు రిమూవర్‌తోనో కరిగించి, వెంటనే షాంపూతో ఆ జిడ్డు కడిగేయాలి. కిరోసిన్ మిగిల్చే జిడ్డు తడిమెరుపును చూసి అదే పాలిష్ అనుకునేవారున్నారు. మరుసటి రోజు దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

పసుపు కుంకుమల గురించి మన కారు పుస్తకాలేవీ చెప్పవు. విజయవాడ ఇంద్రకీలాద్రి దగ్గర వాహనపూజ చేయించుకున్న కొత్త కార్లని, దసరా నాడు అరటి పిలకలు కట్టుకుని తిరిగే ఆటోల్ని, లారీల్ని చూసేవారికి ఇది చిన్న విషయం కాదని తెలుసు. పసుపులోని కర్క్యుమిన్ నీళ్ళలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. కనక పసుపు బొట్టుని బట్టల సోడాతోనో డిటర్జెంట్ పొడితోనో రుద్దితే మరక ఎర్రగా మారి భయపెడుతుంది. తడి గుడ్డతో పొడి ఎత్తేసి, మిగిలిన ఛాయని ఆల్కహాల్‌తో తీసి, ఇంకా లేతగా మిగిలితే ఎండకి వదిలేయడమే మేలు, వెలుతురుకు కర్క్యుమిన్ తనంతట తాను విరిగిపోతుంది. కుంకుమ కథ అంత సులువు కాదు. ఇవాళ బజారులో దొరికే చాలా కుంకుమల్లో కృత్రిమ రంగులుంటాయి, నూనెతో కలిపి పెట్టిన బొట్టు తెల్ల పూతమీద గులాబీ ఛాయ వదులుతుంది. బొట్టు అద్దం మీద పెట్టడం, లేదా వాక్స్ పూసిన బానెట్ మీద పెట్టి ఆ సాయంత్రమే తుడవడం పూజకు లోటు చేయదు. అన్నిటికన్నా మొండి అరటిబొదె సొన. గాలికి గోధుమరంగులోకి మారి అతుక్కుపోతుంది. పిలకలు కట్టేటప్పుడు కోసిన చివరను కవరుతో చుడితే ఆ బెడదే ఉండదు.

ఇన్ని మరకలు చెప్పుకున్నాక ఒక నిజం ఒప్పుకోవాలి. పదేళ్ళు తిరిగిన కారు మెరుపు పోవడానికి వీటన్నిటికన్నా పెద్ద కారణం పొద్దున్నే దులపడం. మన దుమ్ములో గ్రానైటు నేల నుంచి వచ్చిన క్వార్ట్జ్ రేణువులుంటాయి, మోస్ గట్టిదనపు కొలతలో క్వార్ట్జ్ ఏడు. ఏ క్లియర్ కోటూ దాని ముందు నిలవదు. అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్‌తో, ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడిచే మనిషి రెండో కారు నుంచి బురదనీళ్ళతోనే పని చేస్తాడు. తప్పు అతనిది కాదు. నెలకి ఇచ్చే కొద్దిపాటి డబ్బుకి రోజూ కారు తళతళలాడాలని కోరేది యజమానులు. నీళ్ళు మార్చుకునే కుళాయి కూడా చాలా సెల్లార్లలో లేదు. సొంతంగా మూడు నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు ఇచ్చి, రోజూ తుడిచే బదులు వారానికి ఒకటి రెండుసార్లు నీళ్ళతో కడగమని అదే జీతానికి చెబితే అతని నడుముకీ, కారు రంగుకీ మేలు. పక్కనుంచి పడే ఎండలో నల్లకారు బానెట్ మీద సాలెగూడులా మెరిసే వలయాలు, షెడ్లలో స్విర్ల్ మార్కులనేవి, ఎక్కువగా ఈ పొడి తుడుపుల ఫలితమే. దుమ్ముపట్టిన కారు మీద కవరు లాగినా ఇదే జరుగుతుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో రెట్ట గోకిన కార్లు కూడా కనబడుతుంటాయి. ఆ పీచులోనే రాపిడి పొడి కలిసి ఉంటుంది, అది వేసే గీత గోటికి తగులుతుంది.

కడగడంలో పద్ధతి కష్టమైంది కాదు. మొదట నీళ్ళు పోసి దుమ్ము జారనివ్వాలి, నీడలో. షాంపూ నీళ్ళు ఒక బకెట్, గుడ్డ జాడించే నీళ్ళు ఇంకో బకెట్. పైనుంచి కిందికి. తలుపుల కింది భాగాలకీ, చక్రాలకీ వేరే గుడ్డ. చివర్లో ఆరనివ్వకుండా తుడవాలి. నీళ్ళు చాలవంటే అదీ న్యాయమైన మాటే. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5 వేల రూపాయల జరిమానా పెట్టింది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఆ వేసవిలో కొత్త పద్ధతులు వెతుక్కోవాల్సి వచ్చింది. నీటితో జాడించే పనిలేని పాలిమర్ షాంపూలు ఒక బకెట్ నీళ్ళలో మొత్తం కారుని శుభ్రం చేస్తాయి. అందులో నానిన గుడ్డలు నాలుగైదు పెట్టుకుని, ఒక్కో భాగానికి ఒక్కో కొత్త ముఖం వాడాలి. గట్టిగా బురద పట్టిన కారుకి మాత్రం ఇది పనికిరాదు.

కడిగాక, రజను తీశాక, అప్పటికీ మిగిలిన గుంటలూ గీతలూ చూసి పాలిష్ సంగతి ఆలోచించాలి. అంగట్లో కాంపౌండ్, పాలిష్, వాక్స్ మూడూ ఒకే అరలో, ఒకే రకం డబ్బాల్లో దొరుకుతాయి. పని వేరు. కాంపౌండ్ ముతకగా అరగదీస్తుంది, పాలిష్ సన్నగా అరగదీసి నునుపు తెస్తుంది, వాక్స్ అరగదీయదు, పైన కప్పుతుంది. రాపిడి చేసేది చాలావరకు అల్యూమినియం ఆక్సైడు పొడి. సన్నని పాలిష్ ఒకసారి పడితే పోయే పొర సాధారణంగా ఒక మైక్రాన్‌కి అటూ ఇటూ, ముతక కాంపౌండ్ అయితే రెండు మూడు. అంటే ఏటా సర్వీసింగ్‌తో పాటు ప్యాకేజీగా రెండు మూడు మైక్రాన్లు తీయిస్తూ పోతే పదేళ్ళకి 40 మైక్రాన్ల క్లియర్ కోట్‌లో సగమో, అంతకన్నా ఎక్కువో పోతుంది. అతినీలలోహిత కిరణాల్ని మింగే రసాయనాలు ఆ పొరలోనే ఉంటాయి. పల్చబడ్డ పొర కింద రంగు వెలుస్తుంది, తరువాత క్లియర్ కోట్ పొరలు పొరలుగా లేస్తుంది.

అందుకని రోజూ తిరిగే కారుకి అద్దంలాంటి మెరుపు లక్ష్యం కాకూడదు. పోటీ ప్రదర్శనల కారుకి ప్రతి గీతా తీయొచ్చు, అది మళ్ళీ రోడ్డెక్కదు. ఆఫీసుకెళ్ళే కారుకి రేపే కొత్త గీతలు పడతాయి. దూరం నుంచి కనబడే మసక పోయి, రంగు మళ్ళీ లోతుగా కనిపిస్తే చాలు. గోటికి తగిలే లోతు గీతల్ని అలాగే వదిలేయడం తెలివైన పని. గీత అడుగుదాకా చుట్టూ ఉన్న పొరనంతా దించితే తప్ప అది కనబడకుండా పోదు, అంత పొర అక్కడ ఉండకపోవచ్చు. మూడు నాలుగేళ్ళకొకసారి సన్నని పాలిష్ ఒక్కసారి, అంతే. ఎప్పుడూ ముందు అరచేయంత జాగాలో, అన్నిటికన్నా సన్నని పాలిష్‌తో, మెత్తటి ప్యాడ్‌తో ప్రయత్నించి చూడాలి. దానితో పోతే ముతకదాని జోలికి వెళ్ళకూడదు.

యంత్రాల్లో తేడా కూడా చిన్నది కాదు. రోటరీ బఫింగ్ మెషిన్ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతుంది, ఒకేచోట వేడి పుట్టిస్తుంది. బానెట్ అంచుల మీద, తలుపుల మడతల మీద పూత సహజంగానే పల్చగా ఉంటుంది, అక్కడ ఒక్క క్షణం ఆగితే ప్రైమర్ బయటపడుతుంది. డీఏ (డ్యూయల్ యాక్షన్) మెషిన్ తిరుగుతూనే పక్కలకి ఊగుతుంది, నెమ్మదిగా పనిచేస్తుంది, కొత్తవాళ్ళ తప్పుల్ని చాలావరకు కాస్తుంది. మంచి డిటెయిలింగ్ షాపుని గుర్తుపట్టడానికి రెండు ప్రశ్నలు చాలు. పని మొదలుపెట్టేముందు పెయింటు మందం కొలిచే గేజ్ పెడతారా? గేజ్ మొత్తం మందమే చెబుతుంది, క్లియర్ కోట్ విడిగా చెప్పదు, మామూలు గేజ్ ప్లాస్టిక్ బంపర్ల మీద పనిచేయదు. అయినా ఒక తలుపు 110, పక్క తలుపు 250 చూపిస్తే రెండోది ఎప్పుడో మళ్ళీ రంగు వేసిందని తెలుస్తుంది, చెయ్యి జాగ్రత్తపడుతుంది. రెండో ప్రశ్న, పని అయ్యాక ఆల్కహాల్‌తో తుడిచి చూపిస్తారా? కొన్ని పాలిష్‌లలో నూనెలూ గీతల్ని పూడ్చే పదార్థాలూ ఉంటాయి. రెండు వాష్‌లకి అవి కొట్టుకుపోయి గీతలన్నీ తిరిగొస్తాయి. ఆల్కహాల్ తుడుపు ఆ ముసుగు అక్కడే తీసేస్తుంది.

పైపూతల బజారులో మాటలకి హద్దు లేదు. టెఫ్లాన్ కోటింగ్ పేరు ఇంకా అమ్ముడవుతోంది. టెఫ్లాన్ కరిగేది 327 డిగ్రీల దగ్గర, చేత్తో పూసి గుడ్డతో తుడిస్తే వేపుడు పెనానికి అంటినట్టు కారుకి అంటదు. సిరామిక్ కోటింగ్ అంతకన్నా నిజాయితీ ఉన్న వస్తువు. సిలికా ఆధారిత పదార్థం గట్టిపడి సుమారు ఒక మైక్రాన్ పల్చటి పొరగా నిలుస్తుంది, మురికి తేలిగ్గా జారుతుంది, ఏడాదో రెండేళ్ళో ఉంటుంది. అయితే ‘9హెచ్’ అన్నది పెన్సిళ్ళతో గీసిచూసే పరీక్ష కొలత, వజ్రం పది అని చెప్పే మోస్ కొలత కాదు. ఇసుక దాన్ని గీస్తుంది. నీళ్ళు గుండ్రటి బొట్లుగా నిలబడటం చూసి ముచ్చటపడతాం, బోరు నీళ్ళ ఊళ్ళో ఆ బొట్లే ఎండి మచ్చలవుతాయి. బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో పెరిగే కార్నాబా తాటి ఆకుల మైనం 80 డిగ్రీలు దాటాకే కరుగుతుంది. అయినా మన వేసవిలో కొద్ది వారాలే నిలుస్తుంది. మామూలు సింథటిక్ సీలెంట్ రెండు మూడు నెలలు వస్తుంది, ధర తక్కువ, ఎవరింట్లో వారు పూసుకోవచ్చు. ఎండాకాలం ముందొకసారి, వానలకు ముందొకసారి పూస్తే రోజువారీ కారుకి అది చాలినంత రక్షణ. పాలియురేథేన్ పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ (పీపీఎఫ్) మందం 150 మైక్రాన్లు దాటుతుంది, రాళ్ళదెబ్బ నిజంగా ఆపేది అదొక్కటే. హైవేల మీద ఎక్కువ తిరిగేవారు బానెట్ ముందు అంచుకీ, బంపర్‌కీ వేయించుకుంటే ఖర్చుకు అర్థం ఉంది.

ఏ పాలిష్‌కీ లొంగని దశ ఒకటుంది. టాప్ మీద, బానెట్ మీద తెల్లటి పొక్కుల్లా మచ్చలు, అంచుల్లో గోటితో లాగితే ఊడివచ్చే పల్చటి పొర. అది మరక కాదు, క్లియర్ కోట్ చచ్చిపోవడం. దాన్ని రుద్దించడం డబ్బు దండగ. పాత మారుతీ 800 మీదో, అంబాసిడర్ మీదో ఇలాంటి తెల్లదనం కనిపిస్తే ముందు ఓ మూల సన్నని పాలిష్‌తో రుద్దిచూడాలి. గుడ్డకి కారు రంగు అంటితే అది ఒకే పూత రంగు, ఇంకా బతికించవచ్చు. అంటకపోతే ఆ భాగానికి మళ్ళీ రంగు వేయించాల్సిందే. ఫ్యాక్టరీలో ఖాళీ బాడీని 140 డిగ్రీల ప్రాంతంలో కాలుస్తారు. తయారైన కారులో వైర్లూ, ప్లాస్టిక్కూ ఉంటాయి కనక షెడ్డులో ఆ వేడి కుదరదు, గట్టిపరిచే రసాయనం కలిపిన రెండు భాగాల పూత వేసి 60 డిగ్రీల దగ్గరో, మామూలు గాలికో ఆరబెడతారు. చేతికి ఆరినట్టున్నా లోపలి ద్రావకాలు బయటికి రావడానికి వారాలు పడుతుంది. రంగు వేసిన మొదటి నెల, రెండు నెలలు దాని మీద వాక్స్ గానీ, సిరామిక్ గానీ, కవరు గానీ పడకూడదు. చల్లటి నీళ్ళు, మెత్తటి గుడ్డ, నీడ ఉంటే చాలు.